తాబేళ్లు కాస్త సర్దుకుపోవాలి

సముద్ర తాబేళ్ల విషయంలో మనిషి ఓర్పుకి కూడా ఒక హద్దుంటుంది. ఇన్నేళ్లూ లోకం ఒక పక్షం మాటే వింటూ వచ్చింది. వలల్లో చిక్కుకుంటున్నాయట, ప్లాస్టిక్ మింగుతున్నాయట, గుడ్లు పెట్టుకోవడానికి ఇసుక దొరకడం లేదట. రెండో పక్షం గోడు మాత్రం ఎవరికీ పట్టలేదు. ఆ రెండో పక్షం మనమే. అలల చప్పుడు వింటూ పడుకుందామని సముద్రం ఎదురుగా గది తీసుకుంటే, అర్ధరాత్రి కిటికీ కింద 40 కిలోల జీవి ఒకటి ఎవరినీ అడక్కుండా గొయ్యి తవ్వుకుంటూ ఉంటుంది. మర్నాడు పొద్దున ఎవరో వచ్చి ఆ గొయ్యి చుట్టూ నాలుగు కర్రలు పాతి, తాడు కట్టి, ఇక్కడ కుర్చీలు వేయకండి అని బోర్డు పెడతారు. రెండు నెలల దాకా ఆ బోర్డు కదలదు. దీన్ని కబ్జా అనక ఏమంటారు?

నిలదీస్తే తాబేళ్ల తరఫు వాళ్లు చెప్పే వాదన ఒక్కటే. ఈ జాతి 10 కోట్ల ఏళ్లకు పైగా సముద్రాల్లో ఉంది, డైనోసార్ల కాలం నుంచీ తీరానికి వచ్చి గుడ్లు పెడుతూనే ఉంది, కాబట్టి అనుభవహక్కు దానిదే అంటారు. వినడానికి బాగానే ఉంది. కాగితాలేవి? పట్టా లేదు, పన్ను కట్టిన రసీదు లేదు. పోనీ సాక్ష్యం చెప్పించండి అంటే డైనోసార్లు అందుబాటులో లేవు. అవతల రిసార్టు వాళ్ల దగ్గర అన్ని కాగితాలూ ఉన్నాయి. అందులో ఒకటీ అరా పాత తేదీ వేసి తెచ్చుకున్నవే అనుకోండి, కాగితం కాగితమే.

ఈ జీవుల్లో ఏడు జాతులున్నాయి. లెదర్‌బ్యాక్ జెల్లీ చేపల మీద బతుకుతుంది, పచ్చ తాబేలు సముద్రపు గడ్డి మేస్తుంది, హాక్స్‌బిల్ స్పాంజీలు కొరుక్కు తింటుంది. లాగర్‌హెడ్, ఫ్లాట్‌బ్యాక్, రెండు రకాల రిడ్లేలు, ఎవరి రుచులు వాళ్లవి. తిండిలో ఎన్ని తేడాలున్నా మొండితనంలో మాత్రం ఏడూ ఒక్క తాను గుడ్డలే. అన్నిటికీ ఉన్న రోగం ఒకటే, పుట్టిన తీరానికే తిరిగి రావడం.

గుడ్డులోంచి బయటపడి నీళ్ల వైపు పాకే ఆ కాసేపట్లోనే, ఆ చోట భూమి అయస్కాంత క్షేత్రం బలమెంత, వాలు ఎంత అన్నది పిల్లల బుర్రలో ముద్ర పడిపోతుందని శాస్త్రవేత్తలు అంటున్నారు. ఆ తర్వాత రిడ్లేలైతే పది పదిహేనేళ్లకు, పచ్చ తాబేళ్లైతే ఇరవై ముప్పై ఏళ్లకు ఈడుకొస్తాయి. అప్పుడు ఆ ముద్రను పట్టుకుని నేరుగా వచ్చేస్తాయి. ఈ ముప్పై ఏళ్లలో మనం ఊరుకున్నామా? అక్కడ కోతను ఆపడానికి గోడ కట్టాం, గోడ ముందు బండరాళ్లు పోశాం, పక్కనే రేవు తవ్వాం. రేవు వల్ల అవతల ఇసుక కొట్టుకుపోతే అక్కడా ఇంకో గోడ కట్టాం. మనుషుల అడ్రసులు ముప్పై ఏళ్లలో పదిసార్లు మారతాయి. తాబేలు మాత్రం పాత అడ్రసు పట్టుకుని వచ్చి గోడకు తల కొట్టుకుని, వెనక్కి వెళ్లి, మళ్లీ వస్తుంది. మారిన పరిస్థితులకు తగ్గట్టు మారాలన్న జ్ఞానం 10 కోట్ల ఏళ్లలోనూ రాలేదంటే ఇంకెప్పుడు వస్తుంది?

అట్లాంటిక్ మధ్యలో అసెన్షన్ అనే చిన్న దీవి ఉంది. బ్రెజిల్ తీరంలో గడ్డి మేసే పచ్చ తాబేళ్లు గుడ్ల కోసం 2 వేల కిలోమీటర్లకు పైగా ఈదుకుంటూ ఆ దీవికి పోతాయి. బ్రెజిల్‌కి 7 వేల కిలోమీటర్ల పైచిలుకు తీరం ఉంది. పక్కన అంత ఇసుక పెట్టుకుని, తినడానికి గడ్డి కూడా దొరకని ఒక చుక్కంత దీవికి వెళ్లి, నెలల తరబడి కడుపు మాడ్చుకుని గుడ్లు పెట్టి, మళ్లీ అంత దూరమూ ఈదుకుంటూ రావడం! ఆర్చీ కార్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఈ ప్రయాణం గుట్టు విప్పుదామని ఏళ్ల తరబడి కుస్తీ పట్టారు. ఇంటి దగ్గర పని మానేసి దూరంగా వెళ్లేవాళ్లను చూస్తే మనకు అనుమానమే తప్ప ఆశ్చర్యం కలగదు. ఆయన మర్యాదస్తుడు కాబట్టి ఆశ్చర్యపోయారు.

వలస అనే మాటెత్తితేనే ఇవాళ దేశాలన్నీ ఉలిక్కిపడుతున్నాయి కదా, మరి వీటిని ఎవరూ ఎందుకు పట్టించుకోరు? 1996లో మెక్సికోలోని బాజా కాలిఫోర్నియా తీరంలో అడెలీటా అనే లాగర్‌హెడ్ వీపుకి ఉపగ్రహ ట్రాన్స్‌మిటర్ అంటించి వదిలారు. చాలా ఏళ్లు తొట్టెలో పెరిగిన తాబేలది, వేళకు తిండి, ఏ చింతా లేదు. వదిలిందే తడవు అది పడమటి దారి పట్టి, పసిఫిక్ మహాసముద్రాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు దాటింది. 368 రోజుల పాటు సిగ్నల్ వచ్చింది. చివరి సిగ్నళ్లు జపాన్ తీరం దగ్గర నుంచి. బాజా దగ్గర తిరిగే లాగర్‌హెడ్లు పుట్టేది జపాన్‌లోనే మరి. ఇండోనేషియా పపువా తీరంలో గుడ్లు పెట్టిన ఒక లెదర్‌బ్యాక్ ఇంకా ఘనురాలు. 647 రోజుల్లో 20 వేల కిలోమీటర్లకు పైగా తిరిగింది, అమెరికా పడమటి తీరం దాకా వెళ్లింది. ఎందుకంటే జెల్లీ చేపల కోసం! పాస్‌పోర్టు లేదు, వీసా లేదు, హోటల్ బుకింగ్ చూపించమన్న అధికారి లేడు. ఒక మామూలు మనిషి ఇందులో పదో వంతు దూరం వెళ్లాలంటే బ్యాంకు స్టేట్‌మెంటు ఆరు నెలలది పెట్టాలి.

సరే, వచ్చిందే వచ్చింది, ఆ గుడ్లు పెట్టే పద్ధతైనా సవ్యంగా ఉంటుందా అని చూస్తే అక్కడా అరాచకమే. ముందు తెడ్డు కాళ్లతో పై ఇసుక విసిరికొట్టి ఒంటికి సరిపడా పల్లం చేసుకుంటుంది. తర్వాత వెనక కాళ్ల పని. ఒక కాలు లోపలికి దించి, దోసిలిగా ముడిచి, గుప్పెడు ఇసుక పైకి తెచ్చి పక్కన పోస్తుంది. వెంటనే రెండో కాలు తన దగ్గరున్న ఇసుకను ఒక్క విదిలింపుతో తోసేసి లోపలికి దిగుతుంది. కుడి, ఎడమ, కుడి, ఎడమ. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడదు. కాళ్లు అందినంత లోతు తవ్వాక అడుగున వెడల్పుగా, మెడ దగ్గర ఇరుకుగా గొయ్యి తయారవుతుంది. ఇసుక మరీ పొడిగా ఉండి అంచు విరిగి పడితే విసుక్కోకుండా మరోచోట మొదటినుంచీ మొదలుపెడుతుంది. అందులోకి రెండేసి మూడేసి చొప్పున ఇంచుమించు నూరు గుడ్లు జారవిడుస్తుంది. పెంకు మెత్తన, పడినా పగలవు. పూడ్చిన తర్వాత రిడ్లే జాతివైతే ఒళ్లు అటూ ఇటూ ఊపుతూ పొట్ట పెంకుతో ఇసుకను దిమ్మిస కొట్టినట్టు కొట్టి గట్టిపరుస్తాయి. ఆపైన గొయ్యి ఎక్కడుందో తెలియకుండా చుట్టూ ఇసుక చిమ్మి వెళ్లిపోతాయి. టెండరు లేదు, ఎస్టిమేటు లేదు, తవ్విన పనికి ఒక బిల్లూ పూడ్చిన పనికి ఇంకో బిల్లూ లేదు. ఇలాంటివి కళ్లారా చూస్తూ ఊరుకుంటే రేపు కాంట్రాక్టర్ల గతేం కావాలి?

ఆ సమయంలో తాబేలు కళ్లవెంట నీళ్లు కారతాయి. అది చూసి తల్లి మనసు అంటూ కరిగిపోయేవాళ్లున్నారు. మోసపోకండి. సముద్రపు నీళ్లు తాగి, ఉప్పగా ఉండేవి తిని ఒంట్లో పేరుకున్న ఉప్పుని కళ్ల దగ్గరున్న గ్రంథులు బయటికి నెడతాయి. నీళ్లలో ఉన్నప్పుడూ కారుతూనే ఉంటాయి, అక్కడ మనకు కనపడవంతే. ఇంత తెలిశాక కూడా కరగాలనిపిస్తే అది మీ బలహీనత.

ఒక్కొక్కటిగా వస్తే ఏదో సర్దుకుందాం. రిడ్లేలు గుంపులుగా వస్తాయి. ఒడిశాలోని గహిర్‌మాథా, రుషికుల్య తీరాల్లో, మెక్సికోలోని ఎస్కోబియాలో, కోస్టారికాలోని ఓస్టియోనల్‌లో కొన్ని రాత్రుల్లోనే వేలు, ఒక్కోసారి లక్షలు. దీన్ని అరిబాడా అంటారు. వెనక వచ్చినవి ముందు వచ్చినవాటి గుడ్లను తవ్వి పారేస్తాయి, క్యూ పద్ధతి బొత్తిగా తెలియదు. ఎలాగూ పాడైపోయే గుడ్లే కదా అని ఓస్టియోనల్‌లో తొలి రోజుల గుడ్లు కొన్ని ఏరుకోవడానికి 1987 నుంచి ఊరివాళ్లకు చట్టబద్ధంగా అనుమతి ఇచ్చారు. దానికి బదులుగా వాళ్లు తీరాన్ని శుభ్రంగా ఉంచుతారు, దొంగల్ని రానివ్వరు. మనిషీ తాబేలూ ఒక ఒప్పందానికి రావడం, అది ఏళ్ల తరబడి నడవడం ఈ వ్యాసకర్తకు కొంచెం ఇబ్బందికరమైన విషయం, కాబట్టి దాన్ని త్వరగా దాటేద్దాం.

అదే ఓస్టియోనల్‌లో 2015 సెప్టెంబరులో అసలైన ప్రగతి జరిగింది. అరిబాడా చూద్దామని వందల కొద్దీ జనం వచ్చి తాబేళ్లకు ఎదురుగా నిలబడ్డారు. కొందరు తాబేళ్లను ముట్టుకున్నారు, కొందరు ఫోటో కోసం పిల్లల్ని వాటి వీపు మీద కూర్చోబెట్టారు. చాలా తాబేళ్లు గుడ్లు పెట్టకుండానే నీళ్లలోకి తిరిగి వెళ్లిపోయాయి. అంత దూరం నుంచి తమను చూడటానికి వచ్చిన అతిథులతో ప్రవర్తించే తీరేనా అది? పెళ్లికూతురు పీటల మీద నుంచి లేచిపోతే కెమెరామన్‌ని ఎవరైనా తప్పుపడతారా?

ఇక పిల్లల సంగతి. ఇక్కడ మన మీద వేసిన నింద మరీ అన్యాయమైనది, అందుకే కాస్త వివరంగా చెప్పాలి. గుడ్లు పొదగడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. ముక్కు కొసన ఉండే చిన్న ముల్లుతో పెంకు చీల్చుకుని, పిల్లలన్నీ కలిసి ఇసుకను కిందికి రాలుస్తూ పైకి ఎగబాకుతాయి. పై ఇసుక వేడిగా తగిలితే అక్కడే ఆగి, చల్లబడ్డాక, అంటే ఎక్కువగా రాత్రిపూట, ఒక్కసారిగా పొంగినట్టు బయటికొస్తాయి. సముద్రం ఎటో వాటికి ఎవరూ చెప్పరు. దిగువన ఎటువైపు వెలుతురుగా ఉంటే అటు పరుగెత్తుతాయి. చెట్లూ ఇసుక దిబ్బలూ చీకటిగా, చుక్కల కింద నీళ్లు మెరుస్తూ ఉన్న కాలంలో ఈ లెక్క తప్పలేదు. అంటే వాటికి కావలసింది వెలుతురు. మరి మనం ఇచ్చింది ఏమిటి? రోడ్డు లైట్లు ఇచ్చాం, హోటల్ లైట్లు ఇచ్చాం, చెట్టుకొమ్మలకు కూడా రంగు రంగుల లైట్లు చుట్టి ఇచ్చాం. అవి సంతోషంగా ఆ వెలుతురు వైపే వచ్చాయి. రోడ్డు మీదికి వచ్చాక టైరు కింద పడితే, తెల్లారి ఎండకు మాడిపోతే, దారి చూపించిన వాళ్లది తప్పంటారా?

ఇప్పుడేమంటున్నారంటే, తీరం వైపు లైట్లు తగ్గించాలట, ఉన్నవి కిందికి వంచి మూత పెట్టాలట, తెల్లవీ నీలివీ తీసేసి కాషాయం రంగువో ఎర్రవో వేయాలట, ఆ రంగులు వాటి కళ్లకు అంతగా ఆనవట. గదుల్లో ఉన్నవాళ్లు చీకటి పడగానే కర్టెన్లు వేసుకోవాలట. సముద్రం కనిపించే గది అని రెట్టింపు డబ్బు కట్టి, కర్టెన్ వేసుకుని కూర్చోవాలా? దీనికంటే తాబేలు పిల్లలకే చిన్న శిక్షణ ఇప్పిస్తే పోయేదిగా. వెయ్యింటిలో ఒక్కటో రెండో మాత్రమే పెద్దవవుతాయని అంచనా కాబట్టి తరగతికి పెద్ద హాలు కూడా అక్కర్లేదు.

వేడి విషయంలో మాత్రం తాబేళ్లు మనకు రుణపడి ఉండాలి. గుడ్డులో పిల్ల ఆడో మగో నిర్ణయించేది ఇసుక వేడిమి. ఇంచుమించు 29 డిగ్రీల దగ్గర అటూ ఇటూ సమానం. దానికి మించితే ఆడపిల్లలు, తగ్గితే మగపిల్లలు. మనం భూమిని శ్రద్ధగా వేడెక్కిస్తూ వచ్చిన ఫలితం 2018లో బయటపడింది. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర భాగపు తీరాల్లో పుట్టిన పచ్చ తాబేళ్లను పరీక్షిస్తే, ఇంకా ఈడుకు రానివాటిలో 99 శాతం ఆడవే. ఏ పార్లమెంటు సాధించగలిగింది ఇంతటి మహిళా ప్రాతినిధ్యం? కాకపోతే పెళ్లిళ్ల సీజన్‌లో వరుల కొరత వస్తుందని కొందరు సణుగుతున్నారు. మంచి జరిగినప్పుడు కూడా వంక పెట్టేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. మలేషియాలో రంటావ్ అబాంగ్ తీరాన్ని చూడండి. లెదర్‌బ్యాక్‌లకు ఒకప్పుడు పేరుమోసిన చోటది. గుడ్లు తినేసేవాళ్ల నుంచి కాపాడదామని తవ్వి తెచ్చి, ఎండ తగిలే హేచరీల్లో పూడ్చి పొదిగిస్తే దాదాపు అన్నీ ఆడపిల్లలే వచ్చాయి. 1950ల్లో అక్కడ ఏటా వేల గూళ్లు ఉండేవి, ఇప్పుడు లెదర్‌బ్యాక్ కనిపిస్తే అది వార్త. అయినా ఆ తీరంలో తాబేలు బొమ్మలున్న సైన్‌బోర్డులకు కొదవ లేదు, చూడాలనుకునేవాళ్లు వాటితో సరిపెట్టుకోవచ్చు.

రొయ్యల దగ్గరకొద్దాం. ట్రాలర్ ఈడ్చే వలలో పడితే తాబేలు మునిగి చచ్చిపోతుంది. సముద్రంలో పుట్టి సముద్రంలో పెరిగి మునిగి చావడమేమిటని మీకు అనుమానం రావొచ్చు. వాటికి ఉన్నవి ఊపిరితిత్తులు, గాలి కోసం పైకి రావాల్సిందే. దీనికి విరుగుడుగా వల మెడలో ఏటవాలుగా ఒక ఇనుప కమ్మీల చట్రం బిగిస్తారు. రొయ్యలు కమ్మీల మధ్య నుంచి వెనక సంచిలోకి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి పైనో కిందో ఉన్న రంధ్రంలోంచి బయటపడుతుంది. చవకైన, తెలివైన పని. అందుకే దాని చుట్టూ అంత గొడవ జరిగింది. ఇలాంటి వలలు వాడని దేశాల రొయ్యలు మాకొద్దని అమెరికా అంటే, భారత్, మలేషియా, పాకిస్తాన్, థాయిలాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేశాయి. 1998లో తీర్పొచ్చింది. తాబేళ్లను కాపాడాలన్న ఉద్దేశం మంచిదే, అమలు చేసిన తీరులోనే వివక్ష ఉందన్నారు. ఇన్ని వేల పేజీల వాదనల్లో తాబేలుకి నోటీసు కూడా అందలేదు. మరుసటి ఏడాది సియాటిల్‌లో అదే సంస్థ సమావేశాలు జరిగితే, నిరసనకు వచ్చినవాళ్లు వందల మంది తాబేలు వేషాలు కట్టుకుని వీధుల్లో నడిచారు. డొప్పలు అట్టవి, నడక మాత్రం మనుషులది. తాబేళ్లకు ఇప్పటిదాకా దక్కిన ప్రాతినిధ్యం అదే.

మనం ఏమీ వదులుకోలేదన్న అపవాదును కూడా ఖండించాలి. 2015లో కోస్టారికా దగ్గర ఒక ఆలివ్ రిడ్లే ముక్కులోంచి పరిశోధకులు ప్లాస్టిక్ స్ట్రా లాగే వీడియో ప్రపంచమంతా చూసింది. వెంటనే మనిషి గుండె కరిగింది. స్ట్రా మానేశాం! గ్లాసు అలాగే ఉంది, మూత అలాగే ఉంది, అన్నీ కలిపి ఇచ్చే సంచి అలాగే ఉంది, ఆ సంచినే లెదర్‌బ్యాక్ జెల్లీ చేప అనుకుని మింగుతుంది. తెగిపోయి నీళ్లలో తేలుతున్న వలలూ అలాగే ఉన్నాయి. కానీ త్యాగమన్నాక ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా, మనకు ఏమాత్రం నొప్పి కలగని చోట మొదలుపెట్టాం. 2010లో మెక్సికో గల్ఫ్‌లో చమురు బావి పేలినప్పుడు వందల గూళ్లలోని గుడ్లు తవ్వి తీసి, పెట్టెల్లో పేర్చి, ఫ్లోరిడా అట్లాంటిక్ తీరానికి లారీల్లో తీసుకెళ్లారు. చమురు బావుల్ని కదిలించడం కష్టం, గుడ్లైతే తేలిక. ఎవరు సర్దుకుపోవాలన్న ప్రశ్నకు ఇంత స్పష్టమైన జవాబు మరొకటి దొరకదు.

ఇంత పద్ధతిగా నడుస్తున్న వ్యవహారంలో ఈమధ్య ఒక ఆందోళనకరమైన పరిణామం జరిగింది. 2025 అక్టోబరులో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య, అంటే ఐయూసీఎన్, పచ్చ తాబేలును అంతరించే ముప్పున్న జాబితా నుంచి దించి, పెద్దగా ఆందోళన అక్కర్లేని వర్గంలో చేర్చింది. 1970ల నుంచి ఇప్పటికి ప్రపంచం మొత్తం మీద వాటి సంఖ్య 28 శాతం దాకా పెరిగిందట. ఎలా పెరిగిందయ్యా అని ఆరా తీస్తే, గుడ్లు పెట్టే తీరాల్ని కాపలా కాశారట, మాంసం, గుడ్ల వ్యాపారాన్ని అడ్డుకున్నారట, వలలకు ఆ ఇనుప చట్రాలు బిగించారట. దశాబ్దాల పాటు, చాలా చోట్ల ఒకేసారి, విసుగు లేకుండా. తాబేళ్లు తమ పద్ధతుల్లో వెంట్రుకవాసి కూడా మార్చుకోలేదు, సర్దుకున్నదంతా మనుషులే! కెంప్స్ రిడ్లే కథా ఇలాంటిదే. 1947లో మెక్సికోలోని రాంచో న్యువోలో ఒక్కరోజే వేల సంఖ్యలో తీరానికి వచ్చిన ఆ జాతి, 1985 నాటికి ఏడాది మొత్తం మీద 702 గూళ్లకు పడిపోయింది. చేతులు దులుపుకుంటే అక్కడితో ఒక ఫైలు మూసేసేవాళ్లం. ఎవరో పట్టుబట్టి గుడ్లు కాపాడారు, వలలు మార్పించారు, మళ్లీ వేలల్లోకి వచ్చేశాయి.

ఇది చాలా చెడ్డ ఆనవాయితీ. పట్టువిడవకుండా అడిగితే మనుషులు లైట్లు ఆర్పేస్తారనీ, వలలు మారుస్తారనీ, ఇసుక వదిలేస్తారనీ బయటికి పొక్కితే ఇక అంతే. ఇవాళ పచ్చ తాబేలు, రేపు డుగాంగులనే సముద్రపు ఆవులు, డాల్ఫిన్లు, పగడపు దిబ్బలు, ఒక్కొక్కరూ అర్జీ పట్టుకుని క్యూ కడతారు. పసిఫిక్‌లోని లెదర్‌బ్యాక్‌లు కొన్ని తరాలుగా తగ్గుతూ తగ్గుతూ ఇప్పుడు దాదాపు ఆఖరి అంచుకు వచ్చాయి. ఏ గొడవా చేయకుండా వాటి దారిన అవి తగ్గుతున్నాయి. దయచేసి పచ్చ తాబేలు సంగతి వాటి దాకా పోనివ్వకండి.